ముట్లుడుగు కాలంలో మనస్సు – మూలికా చికిత్స

ఆడపిల్ల పెద్దమనిషి అయినదంటే మన ఇండ్లలో ఎంత ఆదరణ! చిమ్మిలి దంచి పెడతారు, మినపసున్ని చేస్తారు, నెయ్యి, పాలు లోపము లేకుండా చూస్తారు. ప్రసవించిన బాలింతకు కాయము, పథ్యము, నూనె మర్దన, వేన్నీళ్ళ స్నానము అన్నీ సమకూరుస్తారు. అదే స్త్రీకి నలభై ఆరో ఏటనో, యాభయ్యో ఏటనో ముట్లు ఆగిపోయే కాలము వచ్చినప్పుడు మాత్రము ఇంటిలో ఎవరికీ పట్టదు. “ఆ బెడద వదిలింది, అదృష్టవంతురాలవు” అని తోటి ఆడవాళ్ళే అంటారు. ఆ అదృష్టవంతురాలు రాత్రి మూడు గంటలకు లేచి మంచము మీద కూర్చుని ఎందుకో తెలియకుండా కన్నీరు పెట్టుకుంటున్నదన్న సంగతి పక్కన నిద్రించే భర్తకు కూడా తెలియదు.

నా వైద్యశాలకు ఈ వయస్సులో వచ్చే స్త్రీలు మొదట చెప్పేది మోకాళ్ళ నొప్పి, నడుము నొప్పి, లేదా గ్యాసు. మనస్సు మాట చివరకు వస్తుంది, అదీ లేవబోతూ. “పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నానండీ”, “పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నాను”, “ఎవరైనా గట్టిగా మాట్లాడితే గుండె దడదడలాడుతుంది”. కనుక ఈ పాఠములో ముట్లుడుగు కాలమునందలి మానసిక బాధలను గురించి, వాటికి ఇంటిలో చేసుకోదగిన మూలికా చికిత్సలను గురించి మాత్రమే వ్రాస్తున్నాను. ఎముకల బలహీనత, మూత్ర సంబంధమైన బాధలు వేరొక పాఠమునకు తగినంత విషయము.

శాస్త్రము చెప్పినది

సుశ్రుతుడు, వాగ్భటుడు ఇద్దరూ స్త్రీకి రజస్సు పన్నెండవ ఏట మొదలై ఏబదవ ఏట క్షయిస్తుందని చెప్పియున్నారు. గమనించదగినదేమనగా, వారు దీనిని ఒక వ్యాధిగా లెక్కించలేదు. పండు పండినట్లు, పరిపక్వమైన శరీరమునకు కలిగే సహజ ధర్మముగానే చెప్పారు. నేటి వైద్యులు వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే దానిని రజోనివృత్తి, అనగా మెనోపాజ్ అంటున్నారు. మన దేశములో ఇది సగటున 46, 47 ఏండ్ల ప్రాంతములో వస్తున్నది. పాశ్చాత్య దేశములలో సుమారు 51 ఏండ్లకు వస్తుంది.

చాలామంది అనుకునే దానికి భిన్నముగా, మనస్సు ఎక్కువగా కలత చెందేది ముట్లు పూర్తిగా ఆగిన తరువాత కాదు. ఆగబోయే ముందు మూడు, నాలుగు సంవత్సరములు, అంటే ముట్టు ఒక నెల వచ్చి రెండు నెలలు రాక, వచ్చినప్పుడు అధికముగా వస్తూ ఉండే కాలములో కలత హెచ్చు. అండాశయములలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను మెట్లు దిగినట్లు నెమ్మదిగా తగ్గదు. ఒక వారము పెరిగి, మరొక వారము పడిపోతుంది. నిద్ర, ఉత్సాహము, శరీరపు వేడి, వీటిని సరిదిద్దే మెదడులోని సెరటోనిన్ వంటి పదార్థములకు ఈ హార్మోనుతో సంబంధము కలదు. అందువలన అది ఊగినప్పుడు ఇవీ ఊగుతాయి. పూర్వము ప్రసవానంతరము దిగులు వ్యాధి వచ్చిన వారికి, ముట్టుకు ముందు మనస్సు బాగుండని వారికి ఈ కాలములో బాధ మరింత కలిగే అవకాశమున్నది.

ఆయుర్వేద దృష్టిలో నడివయస్సు పిత్తమునకు, వార్ధక్యము వాతమునకు స్థానములు. పాత అద్దెదారు ఖాళీ చేయకముందే కొత్తవాడు సామాను దించినట్లు, పిత్తము సద్దుమణగక ముందే వాతము ప్రవేశిస్తుంది. ముఖము మీదికి ఆవిరి కొట్టినట్లు వేడి, చెమట, అకారణ కోపము, మాట తూలుట పిత్త లక్షణములు. నిద్రలేమి, భయము, గుండెదడ, మతిమరుపు, పదే పదే అదే ఆలోచన వాత లక్షణములు. కొందరిలో ఏ పనీ చేయబుద్ధి కాని మందకొడితనము, పగటి నిద్ర, బరువు పెరుగుట కనిపిస్తాయి. అది కఫ సంబంధము. ఈ మూడింటిలో మీ బాధ దేనికి చెందినదో తెలియకుండా, పొరుగింటావిడకు పనిచేసిన మందు మీరు వాడవద్దు. కోపముతో, మంటలతో ఉన్న స్త్రీకి వేడి చేసే మూలికలిస్తే ఇల్లు మరింత వేడెక్కుతుంది.

మొదట తేల్చుకోవలసినది

మందు మొదలుపెట్టే ముందు థైరాయిడ్, రక్తములోని హిమోగ్లోబిన్, విటమిన్ బి 12, మధుమేహము, రక్తపోటు, ఈ అయిదూ ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను. దిగులు, అలసట, గుండెదడ, నిద్రలేమి వీటిలో ఏ లోపము వలననైనా రావచ్చును. నలభై తొమ్మిదేళ్ళ గృహిణి ఒకరు అశ్వగంధ చూర్ణము కావాలని నన్ను అడిగారు. ఎవరో చెప్పారట, నరములకు మంచిదని. ఆమె చేతివ్రేళ్ళు వణుకుతున్నవి, నాడి వేగముగా ఉన్నది, రెండు నెలలలో ఆరు కిలోలు తగ్గినారు. పరీక్షలో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదని తేలినది. అశ్వగంధకు థైరాయిడ్ హార్మోనును పెంచే గుణమున్నట్లు గమనించియున్నారు కనుక, ఆమెకు ఆ చూర్ణము నిప్పులో నెయ్యి వంటిది. ఆమెను ఆ వ్యాధి నిపుణుని వద్దకు పంపించాను.

ఇంకొక ముఖ్య విషయము. రెండు వారములకు మించి దేనిమీదా ఇష్టము లేకపోవుట, ఆకలి చచ్చిపోవుట, “నేను లేకపోతేనే అందరికీ హాయి” అన్న మాట నోట రావటము, ఇవి ముట్లుడుగు చిరాకులు కావు. ఇవి దిగులు వ్యాధి లక్షణములు. దీనికి ఆకులు, వేళ్ళు చాలవు. మానసిక వైద్యునికి చూపించవలెను. 14416 అను టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేయవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022 లో ప్రారంభించిన ఈ సేవ తెలుగులోనూ లభిస్తుంది. ఇప్పటికే అందుకు మాత్రలు వాడుతున్నవారు మూలికలు మొదలుపెట్టామని వాటిని హఠాత్తుగా మానరాదు.

శతావరి

పిత్త వాతములు రెండింటినీ శమింపజేయగల మూలికలలో నేను మొదట చెప్పేది శతావరి. మన పల్లెలలో దీనినే పిల్లిపీచర, పిల్లితేగలు అంటారు. కంచెల మీద ప్రాకే ముళ్ళతీగ. త్రవ్వితే వేలెడు లావున గుత్తులుగా తెల్లని వేళ్ళు వస్తాయి. పచ్చివి దొరికితే కడిగి, పైపొర తీసి, నడుమనున్న ఈనెను లాగివేసి, నీడలో ఎండించి మెత్తగా చూర్ణము చేసుకొనవలెను. ఈనె తీయకపోతే చూర్ణము పీచుపీచుగా ఉండి గొంతులో తగులుతుంది. అంగడిలో కొన్న చూర్ణములలో ఈ లోపము తరచు కనిపిస్తున్నది.

దీనిని పాలతో కాచి త్రాగుట ఉత్తమము. శాస్త్రోక్తమైన క్షీరపాక విధి ఏమంటే, మందు ఒక వంతు, పాలు ఎనిమిది వంతులు, నీరు ముప్పది రెండు వంతులు కలిపి, పాలు మాత్రము మిగిలేవరకు సన్నని సెగ మీద కాచవలెను. అంటే 5 గ్రాముల చూర్ణమునకు 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీరు. ఉదయము పూట బడికి, ఆఫీసుకు పంపే హడావిడిలో ఇంతసేపు పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికున్నది? కనుక ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు నీరు కలిపి, ఒక చిన్న చెంచా చూర్ణము వేసి, సాయంకాలము తీరికగా నీరిగిరేవరకు కాచుకున్నా చాలును. కొద్దిగా పటికబెల్లము కలుపుకొనవచ్చును. మధుమేహులు కలుపరాదు.

ఒక ఉపాధ్యాయిని, నలభై ఎనిమిదేళ్ళు. తరగతిలో పాఠము చెబుతుండగా ముఖము ఎర్రబడి, చెమటలు పట్టి, పిల్లలు చూస్తున్నారని సిగ్గుతో ఉద్యోగము మానివేద్దామనుకున్నారు. ఇంటిలో ఆమె కోపమునకు కోడలు బెదిరిపోతున్నది. శతావరి పాలతో పాటు ధనియాల హిమము ఇచ్చాను. రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, అరగ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయము వడకట్టి పరగడుపున త్రాగవలెను. కాఫీ రోజుకు నాలుగు సార్లు నుండి ఒకసారికి తగ్గించమన్నాను. మందులన్నిటి కంటె ఆమెకు కష్టమైనది ఇదే. ఆరు వారములకు ఆవిర్లు పూర్తిగా పోలేదు కాని, వాటి ఉధృతి తగ్గినది. రాత్రి చెమటలకు మెలకువ వచ్చుట తగ్గి నిద్ర పట్టిన తరువాత కోపము దానంతట అదే సగమైనది. నా అనుభవములో మనస్సుకు మొదటి మందు నిద్రయే. ఆమె ఉద్యోగము మానలేదు.

రొమ్ము క్యాన్సరు వచ్చి తగ్గినవారు, గర్భాశయములో పెద్ద గడ్డలున్నవారు శతావరిని స్వయముగా వాడరాదు. ఈస్ట్రోజన్‌ను పోలిన గుణము దీనికి ఉండవచ్చునని భావిస్తున్నారు కనుక, వారు తమ వైద్యుని అడిగిన తరువాతనే తీసుకొనవలెను.

సరస్వతి ఆకు, బ్రాహ్మి – ఒకటి కాదు

ఇక్కడ కొంచెము నిలవాలి. మన అంగళ్ళలో “బ్రాహ్మి” అని అడిగితే రెండు వేర్వేరు మొక్కలలో ఏదో ఒకటి ఇస్తారు. మొదటిది మండూకపర్ణి, మనము సరస్వతి ఆకు అనేది. నేల మీద ప్రాకుతుంది. ఆకు గుండ్రముగా, తొడిమ దగ్గర చీలి, కప్ప పాదమును తలపిస్తుంది. రెండవది నీరు సాంబ్రాణి అని పిలిచే అసలు బ్రాహ్మి. చిత్తడి నేలలో పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరివి, జంటజంటలుగా ఉంటాయి. పువ్వు తెలుపు, లేత ఊదా. రుచి మిక్కిలి చేదు. రెండూ మేధ్యములే, అనగా బుద్ధికి, జ్ఞాపకమునకు హితమైనవే. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనములలో మండూకపర్ణి స్వరసము మొదటిది. తక్కిన మూడు పాలతో యష్టిమధుక చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి ముద్ద.

ముట్లుడుగు కాలపు మతిమరుపునకు, చిరాకునకు నేను సరస్వతి ఆకునే ఎక్కువగా చెబుతాను. కారణము, ఇది కుండీలో పెరుగుతుంది, కూరలా తినవచ్చును. గుప్పెడు ఆకులు మినపప్పు, ఎండుమిరప, చింతపండుతో వేయించి పచ్చడి నూరుకుంటే వారానికి రెండు సార్లు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. మందుగా అయితే తాజా ఆకుల రసము రెండు చిన్న చెంచాలు, ఉదయము పాలతో తీసుకొనవలెను. ఆరు వారములు వాడి, రెండు మూడు వారములు విరామమివ్వవలెను. కాలేయ వ్యాధి ఉన్నవారు వద్దు. మురుగు కాలువల పక్కన పెరిగిన ఆకు కట్టలు బజారులో అమ్ముతారు. ఈ మొక్క తానున్న నీటిలోని మాలిన్యమును పీల్చుకుంటుంది. కుండీలో ఒక కొమ్మ నాటుకుంటే నెల తిరిగేసరికి ప్రాకుతుంది.

అశ్వగంధ, జటామాంసి

భయము, దడ, నిద్రలేమి ప్రధానముగా ఉండి, శరీరము చిక్కిపోయిన వాతప్రకృతి స్త్రీకి అశ్వగంధ, అనగా పెన్నేరు, మంచి మూలిక. వేరును పాలలో ఉడికించి ఎండించి చూర్ణము చేసి, 3 గ్రాములు రాత్రి గోరువెచ్చని పాలతో తీసుకొనవలెను. ఈ మధ్య దీని మీద పరిశోధనలూ జరిగాయి. రజోనివృత్తికి చేరువలోనున్న సుమారు వందమంది భారతీయ స్త్రీలకు 8 వారములు అశ్వగంధ వేరు సారమునిచ్చి చేసిన పరీక్ష ఫలితములు 2021 లో వెలువడినవి. ఆవిర్లలో, మానసిక లక్షణములలో కొంత మేలు కనిపించినది. ఇది చిన్న పరీక్ష, కొద్దికాలపు పరీక్ష. దీనిని బట్టి సంవత్సరముల తరబడి వాడవచ్చునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అరుదుగా కాలేయమునకు హాని కలిగిన సందర్భములు నమోదైనవి. 2023 లో డెన్మార్క్ దేశము ఈ మూలికను నిషేధించినది కూడా. నా మటుకు అది అతి అని తోస్తున్నది కాని, ఎనిమిది వారములకు మించకుండా వాడుట, కళ్ళు పచ్చబడినా, మూత్రము ముదురు పసుపైనా వెంటనే ఆపుట మంచిది. థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా ముట్టరాదు.

జటామాంసి నిద్రకు పేరుపడినది. అది హిమాలయములలో మూడువేల మీటర్ల పైన మాత్రమే పెరిగే మొక్క. విచ్చలవిడిగా పెకలించుట వలన అంతరించే స్థితికి చేరినది. 1997 నుండి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్నది. అందుచేతనే అంగడిలో దొరికేది చాలావరకు కల్తీ. నేను దీనిని ఇంటి వైద్యముగా సలహా ఇచ్చుట మానివేశాను. దానికి బదులు రాత్రి పాలలో చిటికెడు జాజికాయ పొడి కలుపుకొనండి. చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే మత్తు, వాంతి, భ్రాంతి కలుగుతాయి.

అతిమధురమును గురించి ఒక్క మాట. చరకుని జాబితాలోనిదే, మంచిదే. కాని వారముల తరబడి వాడితే రక్తపోటును పెంచి, శరీరములోని పొటాషియమును తగ్గిస్తుంది. ఈ వయస్సులో రక్తపోటు లేని ఇల్లు అరుదు. అందుచేత దానిని దగ్గు మందుగానే ఉంచుకుందాము.

నూనె

లోనికి పుచ్చుకునే మందుల కంటె పైకి రాసుకునే నూనె ఈ కాలములో ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకము. వాతమునకు తైలమును మించిన ఔషధము లేదని శాస్త్రమే చెప్పుచున్నది. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనె ఒళ్ళంతా పట్టించి, అరగంట ఉండి, సున్నిపిండితో స్నానము చేయవలెను. ఆవిర్లు, మంటలు ఎక్కువగా ఉన్నవారు నువ్వులనూనెకు బదులు కొబ్బరినూనె వాడవలెను. ప్రతి రాత్రి అరికాళ్ళకు కొంచెము నెయ్యి రాసి, కంచు గిన్నె అడుగుతో పది నిమిషములు రుద్దితే నిద్ర చక్కగా పడుతుంది. తనకు తాను రుద్దుకునే కంటె మరొకరు రుద్దితే గుణము హెచ్చు. ఇన్నాళ్ళు అందరి కాళ్ళకూ నూనె రాసిన చేతులకు ఒకరు ఆ పని చేయుట తప్పేమీ కాదు. భర్తలు ఈ వాక్యమును చదివి పుట తిప్పేయకుందురు గాక.

గర్భసంచి తీయించుకున్నవారు

ఈ విషయము మన రాష్ట్రములకు ప్రత్యేకముగా సంబంధించినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశము మొత్తము మీద సుమారు 3 శాతము. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అది 8 శాతమును దాటినది. ముప్పది, ముప్పది అయిదేళ్ళకే ఈ శస్త్రచికిత్స జరిగిన స్త్రీలు నా వద్దకు ఎందరో వస్తున్నారు. తెల్లబట్ట అనో, కడుపునొప్పి అనో తీయించుకున్నామంటారు. అండాశయములను కూడా తొలగించి ఉంటే నాలుగైదేళ్ళలో జరగవలసిన మార్పు నాలుగు రోజులలో జరుగుతుంది. వాటిని ఉంచినా, రజోనివృత్తి కొంత ముందుగా రావచ్చును. ముట్టు ఎటూ రాదు కనుక, ఏ లక్షణము దేనివలన వస్తున్నదో వారికి తెలియదు. “ఆపరేషన్ అయినప్పటి నుంచి మనిషి మారిపోయింది” అని ఇంటివారు నిందిస్తారు.

వీరు ఈ వ్యాసములోని మూలికలతో సరిపెట్టుకోరాదు. అండాశయములు తీసివేశారా, ఉంచారా అన్నది డిశ్చార్జి కాగితములో చూసుకొనవలెను. తీసివేసి ఉండి వయస్సు 45 లోపు అయితే హార్మోను చికిత్స అవసరమేమో స్త్రీవ్యాధి నిపుణురాలిని తప్పక సంప్రదించవలెను. మనస్సు కొరకే కాదు, ఎముకలు, గుండె కొరకు కూడ. 2002 లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష రొమ్ము క్యాన్సరు మొదలగు ప్రమాదములను చూపి అర్ధాంతరముగా ఆగిపోయినప్పటి నుండి హార్మోను మాటంటేనే భయము ప్రబలినది. ఆ పరీక్షలోని స్త్రీల సగటు వయస్సు 60 దాటినది. ముప్పది ఎనిమిదేళ్ళ స్త్రీకి ఆ లెక్క యథాతథముగా వర్తించదు. ఆయుర్వేద వైద్యుడనై ఈ మాట వ్రాయుట కొందరికి నచ్చకపోవచ్చును. రోగికి ఏది హితమో అదే శాస్త్రము.

వాడే పద్ధతి

ఒకేసారి నాలుగు చూర్ణములు కలిపి వాడవద్దు. మీ లక్షణములకు సరిపడే ఒక్క మూలికను ఎన్నుకొని, దానితో పాటు నూనె మర్దన ఉంచి, ఆరు వారములు చూడండి. ఒక చిన్న పుస్తకములో ప్రతిరోజు నిద్ర ఎన్ని గంటలు, ఆవిర్లు ఎన్నిసార్లు, కోపము వచ్చినదా అన్న మూడు సంగతులు మాత్రము వ్రాసుకొనండి. గుణము కనిపించకపోతే ఆ మూలిక మీది కాదు. చూర్ణములు కొనేటప్పుడు తయారీ లైసెన్సు సంఖ్య, తేదీ చూడవలెను. పేరు లేని పొట్లములు, “అన్ని స్త్రీ వ్యాధులకు” అని అమ్మే భస్మములు వద్దు. వాటిలో సీసము, పాదరసము ఉండవచ్చును. సారస్వతారిష్టము వంటి అరిష్టములు భోజనానంతరము సమానముగా నీరు కలిపి 15 మిల్లీలీటర్లు తీసుకొనవచ్చును కాని, వాటిలో బెల్లమో, తేనెయో, పులియుట వలన కొద్దిగా మద్యమో ఉంటుందని మధుమేహులు గుర్తుంచుకొనవలెను.

ముట్లు ఆగి సంవత్సరము దాటిన తరువాత ఒక్క చుక్క రక్తము కనిపించినా, అది “వేడి చేసి” వచ్చినది కాదు. ఏ మూలికా వాడక, ఆ వారములోనే స్త్రీవ్యాధి నిపుణురాలికి చూపించుకొనవలెను.